ఖాళీ కాటా మీద 777.216

మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. మొన్నొక శనివారం రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద బోర్డు ఒకటి పెట్టుకుని కుస్తీ పడుతోంది. పొలంలో నేల తడిని కొలిచి ఫోనుకు కబురు పంపే పరికరమట, కాలేజీ ప్రాజెక్టు. వాళ్లమ్మ టేబుల్ తుడుచుకోవాలని రెండుసార్లు వచ్చి, బోర్డు వంకా కూతురి మొహం వంకా చూసి వెనక్కి వెళ్లింది.

"లాప్‌టాప్‌ల మంచిగనే నడుస్తుంది నాన్నా. బోర్డుల వేస్తే మాత్రం ఒక్క రీడింగ్ ఇయ్యకుండ ఆగిపోతుంది. బోర్డే పాడైనట్టుంది. రేపు కొత్తది కొందామా?" అంది.

బోర్డు ధర సంగతి తర్వాత, ముందు ప్రోగ్రాం చూపించమన్నాను. పదో పన్నెండో లైను దగ్గర నా వేలు ఆగింది. ఆ లైను నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనూ అదే రాశాను.

"ఆగిపోయిందా! అదృష్టవంతురాలివి" అన్నాను. అది నా వంక అదోలా చూసింది. వెక్కిరిస్తున్నానని అనుకుంది కాబోలు. అప్పుడు చెప్పాను, 2009 నాటి ఈ కథ. ఇంట్లో ఎవరికీ అంతవరకు పూర్తిగా చెప్పలేదు.

అప్పట్లో నేను ఎలక్ట్రానిక్ కాటాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పని చేసేవాణ్ని. పేరు వద్దు, ఆ కంపెనీ ఇప్పుడు లేదు కూడా. రిమోట్‌లో, వాషింగ్ మెషీన్లో, కరెంటు మీటర్లో ఉన్నట్టే కాటాలోనూ చిన్న చిప్ ఒకటి ఉంటుంది. దాన్ని ఆడించడానికి అందులోనే రాసిపెట్టిన ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. చాలావరకు సి భాషలోనే రాస్తారు. అంతకుముందు మేం వాడిన 8051 రకం చిప్ ఒకసారికి ఒక్క బైటే తీసి చూసేది. నిదానం, కానీ పేచీలేని మనిషిలాంటిది. తర్వాత ఆర్మ్ సెవెన్ రకం చిప్‌లు మన దగ్గర కాలేజీ ల్యాబుల్లోకీ చిన్న కంపెనీల్లోకీ వచ్చాయి. ఒకేసారి నాలుగు బైట్లు లాగేస్తాయి. మాకు పండగే. కొత్త కాటాకు ప్రోగ్రాం నేనే రాశాను. ముందు కంప్యూటర్‌లో నడిపి చూశాను, బాగుంది. చిప్‌లో వేసి టేబుల్ మీద అయిదు కిలోల రాయి నుంచి రెండు వందల కిలోల దాకా పెట్టి చూశాను, బాగుంది. తూనికల రాళ్లతో పరీక్ష చేయించి ముద్ర వేయించాం. డెబ్భై రెండు కాటాలు వరంగల్ చుట్టుపక్కలకు వెళ్లిపోయాయి.

ఆ ఏడాది మార్చిలో, మిర్చి సీజను మంచి ఊపులో ఉండగా ఫోను వచ్చింది. వరంగల్ మిర్చి అనగానే అందరికీ ఎనుమాముల గుర్తొస్తుంది. నేను చెప్పేది అక్కడిది కాదు, వేరే చిన్న యార్డు. దాని పేరుతో పని లేదు, తప్పు యార్డుది కాదు.

జరిగింది ఇది. పొద్దున పాట అయిపోయింది, ధర తేలింది. మధ్యాహ్నం తూకాలు మొదలయ్యాయి. ఒక రైతు బస్తాలు నలభై రెండు. ముప్పై దాకా తూగాయి. కరెంటు పోయింది. కాటాలో బ్యాటరీ ఉంది కనుక దడ్వాయి తూకం ఆపలేదు. కాసేపటికి, నలభై కిలోల చిల్లర ఉండాల్సిన బస్తా పెడితే కాటా 818.516 అని చూపించింది. చీటీ కూడా అదే అంకెతో బయటికొచ్చింది. హమాలీలు నవ్వారు. బస్తా దించేస్తే, ఖాళీ కాటా మీద 777.216 అని కూర్చుంది.

నవ్వులు ఎంతోసేపు లేవు. ఖరీదుదారు మనిషి, 'దీని ముందటి తూకాలు మాత్రం ఎట్ల నమ్మాలె' అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ కాటాను పక్కన పెట్టేశారు. ముప్పై బస్తాలూ మళ్లీ వేరే కాటా మీదికి ఎక్కాలి. ఆ కాటా దగ్గర అప్పటికే వరస ఉంది. చీకటి పడింది. రైతు ఆ రాత్రి బస్తాల మీదే పడుకున్నాడు. ఊళ్లో మిర్చి ఏరే కూలీలకు ఆ సాయంత్రమే పైసలివ్వాల్సి ఉందట.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి కరెంటు ఉంది. కాటా పెళ్లికూతురిలా 0.000 చూపిస్తోంది. ఏం పెట్టినా గ్రాము తేడా లేకుండా తూస్తోంది. నాకు చెమటలు పట్టాయి. యంత్రం పాడైపోయి కనిపిస్తే మెకానిక్కుకు ధైర్యం, బాగైపోయి కనిపిస్తేనే భయం. చుట్టూ జనం. ఆ రైతు, అరవై ఏళ్లుంటాయేమో, తలకు తువ్వాలు చుట్టుకుని నా పక్కనే గొంతుకూర్చున్నాడు. కోపంగా కూడా లేడు. మెల్లగా ఒకటే అడిగాడు.

"సారూ, ఎక్కువ చూపెట్టింది గాబట్టి దొరికింది. తక్కువ చూపెడితే ఎట్ల తెలుస్తుండె?"

నా దగ్గర జవాబు లేదు. 'చూసి చెప్తా పెద్దాయనా' అన్నాను. ఆ 818.516 చీటీ అడిగి జేబులో పెట్టుకుని, కాటా లోపలి కార్డు విప్పుకుని బస్సెక్కాను.

ఆ బస్తా రెండో కాటా మీద 41.300 తూగింది. 818.516 లోంచి 41.300 తీసేస్తే 777.216. అంటే అసలు బరువు ఎక్కడికీ పోలేదు, దాని నెత్తిన ఇంకేదో వచ్చి కూర్చుంది. ఎక్కడిదీ అంకె? రెండు రాత్రులు నిద్ర లేదు. మూడోనాడు ఆఫీసులో కొత్త మానిటర్ తాలూకు అట్టపెట్టె మీద కన్ను పడింది. 16.7 మిలియన్ రంగులు చూపిస్తుందని రాసి ఉంది. మా వృత్తిలో వాళ్లకు ఆ లెక్క ఎక్కంలా నోటికి వస్తుంది. రెండును ఇరవై నాలుగుసార్లు హెచ్చవేస్తే 1,67,77,216. చివరి ఆరంకెలు చూడండి. మా కాటా గ్రాముల్లో లెక్కేస్తుంది, అద్దం మీద పట్టేవి ఆరంకెలే. ముందున్న 16 కనబడదు. దొంగ దొరికాడు!

ఎలా వచ్చిందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. కంప్యూటర్ జ్ఞాపకాన్ని పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గూళ్ల బీరువా అనుకుందాం. ఒక్కో అరలో నాలుగు గూళ్లు. ఒక్కో గూటిలో 0 నుంచి 255 వరకు ఏదో ఒక అంకె పడుతుంది. గూటికో నంబరు ఉంటుంది. మొదటి అరలో 0, 1, 2, 3. రెండో అరలో 4, 5, 6, 7. పెద్ద అంకె ఒక గూటిలో పట్టదు కనుక నాలుగు గూళ్లలో సర్దుతాం. మొదటి గూటిలో ఉన్నది ఒకట్ల లెక్క. రెండో దానిలోది 256 రెట్లు, మూడో దానిలోది 65,536 రెట్లు, నాలుగో దానిలోది 1,67,77,216 రెట్లు. మన ఒకట్లు, పదులు, వందల లాంటిదే, పదికి బదులు 256.

ఆర్మ్ సెవెన్ చిప్ అనే గుమస్తా నాలుగు గూళ్ల అంకె అడిగితే మొత్తం ఒక అరనే లాగుతాడు. అందుకని నాలుగు గూళ్ల అంకె ఎప్పుడూ అర మొదట్లోనే, అంటే నాలుగుతో భాగించబడే నంబరు దగ్గరే మొదలవ్వాలని నియమం. దీన్ని అలైన్‌మెంట్ అంటారు. నేనేం చేశానంటే, పళ్లెం కింద ఉన్న తూకం కార్డు నుంచి నా డిస్‌ప్లే కార్డుకు వచ్చే కబురులో మొదటి గూటిలో కాటా పరిస్థితి పెట్టాను. అంతా బాగుంటే 0, బ్యాటరీ తగ్గితే 1. ఆ వెంటనే, ఒకటో నంబరు గూటి నుంచి బరువు. అంటే బరువు 1, 2, 3 గూళ్లలో ఉండి, ఆఖరి ముక్క కింది అరలో నాలుగో నంబరు గూటిలో పడింది. ఇక ప్రోగ్రాంలో, 'ఒకటో నంబరు నుంచి నాలుగు గూళ్లు తీసి ఒకే అంకెగా చదువు' అని ఒక్క లైను రాసేశాను. సి భాషలో అలా రాయడం చాలా తేలిక. చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంటుంది.

గుమస్తా ఏం చేశాడు? పై అర లాగాడు. 1, 2, 3 తీశాడు. నాలుగోదానికి కింది అర తెరవలేదు, చేతిలో ఉన్న అరలోంచే సున్నా నంబరు గూటిని తీసి ఆఖర్న పెట్టేశాడు. ఆ చిప్ మాన్యువల్‌లో ఈ సంగతి రాసే ఉంది, చదవంది నేను. మామూలప్పుడు బరువు ఆఖరి గూడు ఖాళీనే, ఎందుకంటే అక్కడ ఏదైనా ఉండాలంటే పదహారు టన్నులు తూగాలి. పరిస్థితి గూడూ ఖాళీనే. సున్నాకు బదులు సున్నా! ఎవరికి తెలుస్తుంది? కరెంటు పోయి, బ్యాటరీ దిగి, పరిస్థితి గూటిలో 1 పడిన క్షణాన బరువు మీద 1,67,77,216 గ్రాములు వచ్చి పడ్డాయి. మూడు వందల కిలోలు దాటితే చూపించొద్దన్న కట్టడి తూకం కార్డులో ఉంది. నా కార్డులో పెట్టడం అనవసరం అనుకున్నాను.

మరి కంప్యూటర్‌లో ఎందుకు బాగా నడిచింది? అక్కడి ఇంటెల్ రకం ప్రాసెసర్ పెద్దమనిషి. రెండు అరలూ తెరిచి ముక్కలు కలిపి ఇస్తాడు, పైకి చెప్పడు కూడా. ఇప్పటి చిప్‌లలో కార్టెక్స్ ఎం-త్రీ, ఎం-ఫోర్ లాంటివి మామూలుగా ఇలాంటి కోరికను తీరుస్తాయి, కొన్ని రకాల ఆజ్ఞల్లో మాత్రం ఒప్పుకోవు. మా అమ్మాయి బోర్డులో ఉన్నది కార్టెక్స్ ఎం-జీరో. అది ఒక్కసారి కూడా సహించదు, పని ఆపేసి కూర్చుంటుంది. అదృష్టమన్నది అందుకే. నా చిప్ కూడా మొదటి రోజునే మొండికేసి ఉంటే ఆ రైతు ఇంట్లో పడుకునేవాడు.

అసలు సి భాష ఏమంటుంది ఈ విషయంలో? ఏమీ అనదు! 1970ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ ఈ భాషను తయారుచేశాడు. 1989లో దానికి ప్రామాణిక గ్రంథం వచ్చింది. అప్పటికే ఎన్నో రకాల యంత్రాల మీద సి నడుస్తోంది, ఒక్కో యంత్రానిది ఒక్కో పద్ధతి. అన్నింటినీ ఒకే నియమంలో ఇరికిస్తే వేగం పోతుంది. అందుకని కొన్ని పనుల గురించి 'ఇది చేస్తే ఏమవుతుందో మేం నిర్వచించం' అని వదిలేశారు. దాన్నే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటారు. తప్పు అని చెప్పి ఆపడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. నాలుగు హద్దుల్లో మూడే రాసిన భూమి కాగితం లాంటిది ఇది. నాలుగో వైపు పక్కవాడు మంచివాడైనన్నాళ్లు గొడవే రాదు. అప్పటిదాకా కాగితం సరిగ్గానే ఉందనుకుంటాం.

ఇంకో చిక్కు ఉంది. మనం రాసింది చిప్ భాషలోకి మార్చే కంపైలర్, ఈ నిర్వచించని పనులు మనం ఎన్నడూ చేయమనే నమ్మకంతో లెక్క వేసుకుంటుంది. 2009లోనే లినక్స్‌లో ఒక ఉదంతం బయటపడింది. ఒకచోట ప్రోగ్రాం ముందు ఒక చిరునామాలోకి వెళ్లి వస్తుంది, ఆ తర్వాతి లైనులో అసలు ఆ చిరునామా ఉందా లేదా అని సరిచూస్తుంది. కంపైలర్ ఏమనుకుందంటే, 'ఇంట్లోకి వెళ్లొచ్చినవాడు ఇల్లుందా అని అడగడమేంటి' అని ఆ పరీక్షను తీసేసింది. చొరబాటుదారులకు అదే దారి అయింది. పరీక్ష రాసినవాడు అది అక్కడే ఉందనుకుంటున్నాడు. కాగితం మీద ఉంది, యంత్రంలో లేదు.

అందుకే నాకు ఆ రైతు ప్రశ్న ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 'తక్కువ చూపెడితే?' భాష ప్రకారం చూస్తే నేను ఏ హామీ ఇవ్వలేను. ఏదైనా జరగవచ్చనే కదా గ్రంథం చెప్పింది. చివరికి కంపైలర్ తయారుచేసిన చిప్ ఆజ్ఞలను ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకుని, అడుగడుగునా ఏ గూడు ఎక్కడికి వెళ్తోందో చూసుకుని, అప్పుడు తేల్చుకున్నాను. ఈ కాటాలో, ఈ ప్రోగ్రాంతో, తప్పు వస్తే పదహారు వేల కిలోలు కలుస్తుందే తప్ప ఒక్క గ్రాము తగ్గదు. ముందటి ముప్పై బస్తాలు సరిగ్గానే తూగాయి. రెండో కాటా లెక్కలూ అదే చెప్పాయి. అయితే ఆ నిజం నా తెలివితో వచ్చింది కాదు, బరువు ముక్కలు ఆ వరసలో పడ్డందుకు దక్కింది. అవి తిరగేసి సర్దే అలవాటు ఉన్న చోట అయితే కథ వేరు.

అడ్తిదారు దగ్గర నంబరు తీసుకుని ఆ పెద్దాయనకు ఫోను చేశాను. మీ తూకం ఎక్కడా తగ్గలేదు, కరెంటు పోయి బ్యాటరీ దిగితేనే ఇలా అవుతుంది, మేం టేబుల్ మీద చూసినప్పుడు బయటపడలేదు అని నాకు తోచినట్టు చెప్పాను. అంతా విన్నాడు.

"గట్లనా. మరి కరెంటు తీసి చూడకపోయిండ్రు? మా దిక్కు ఉండుడు తక్కువ, పోవుడు ఎక్కువాయె" అన్నాడు.

రోజుల తరబడి ఆ మాటే చెవిలో మోగింది. ఆ ఎండాకాలం కరెంటు సంగతి ఈ జిల్లాలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. మా ల్యాబులో మాత్రం ఇన్వర్టర్ ఉండేది.

సరిదిద్దడానికి పట్టింది ఒక్క లైను. నాలుగు గూళ్లనూ ఒకేసారి లాగకుండా, విడివిడిగా ఒక్కో బైటు తీసి కలుపుకోవడం. లేదా మెమ్‌కాపీ అనే ఫంక్షన్‌తో వాటిని అర మొదట్లో ఉన్న ఖాళీ చోటికి నకలు చేసుకుని చదవడం. దీనివల్ల పోయే కాలం సెకనులో లక్షల వంతుల లెక్క. బస్తా ఎత్తి పెట్టడానికి హమాలీకి అర నిమిషం పట్టే చోట ఆ కాస్త వేగం ఎవరికి కావాలి? కానీ కాటాలు డెబ్భై రెండు! ఒక లాప్‌టాప్, సీరియల్ కేబుల్, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని జనగామ, పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ అంటూ ఇరవై రోజులు ఆర్టీసీ బస్సుల్లో తిరిగాను. విప్పినచోటల్లా మళ్లీ ముద్ర వేయించాలి, ఆ ఖర్చు కంపెనీది. మా ఓనరు నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టం.

అప్పటి నుంచి కంపైలర్ ఇచ్చే హెచ్చరికలను ఆపడం మానేశాను. అంతకుముందు తెర నిండా వస్తున్నాయని విసుగుతో ఆపి ఉంచేవాణ్ని. ఇలా గూళ్లు దాటే లైను కనబడితే చెప్పే హెచ్చరిక ఒకటి అందులో ఉంది, అడిగితేనే చెబుతుంది. బ్రిటన్‌లో మోటారు వాహనాల పరిశ్రమ వాళ్లు 1998లోనే మిస్రా పేరుతో సి భాషలో ఏమేం చేయకూడదో నియమాలు రాసి పెట్టారు. కార్ల బ్రేకులకే అంత జాగ్రత్త అక్కర్లేదనుకుని కాదు కదా వాళ్లు రాసింది, మిర్చి కాటాకు నాకెందుకని నేను చదవలేదు.

ఇదంతా విని మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అర మొదట్లోనే ఉండాలె అంటే వేయిస్తంభాల గుడి రాళ్ల లెక్కనా?" అంది. దాని చిన్నతనమంతా ఆ గుడి కల్యాణమండపం రాళ్లు విప్పి ఆవరణలో పరిచి ఉన్నాయి. ఒక్కో రాయి మీద నంబరు. గుడికి వెళ్లినప్పుడల్లా దేవుణ్ని వదిలేసి ఆ నంబర్లు చదువుతూ తిరిగేది. ఏళ్లకేళ్లు పట్టింది, 2024 మార్చిలో, మహాశివరాత్రికి మండపం మళ్లీ నిలబెట్టి తెరిచారు. రాయి మంచిదైతే చాలదు, దాని చోట్లో అది కూర్చోవాలి. పోలిక బాగానే ఉంది, నాకెందుకు తట్టలేదో మరి. కాకపోతే గుడిలో రాయి తప్పుగా కూర్చుంటే కంటికి కనబడుతుంది.

పాత డైరీలోంచి ఆ చీటీ తీసి చూపించాను. వేడితో అచ్చయ్యే కాగితం కదా, అంకెలన్నీ ఎప్పుడో వెలిసిపోయాయి. దీపం కింద ఏటవాలుగా పడితే ఒక ఎనిమిది మాత్రం ఉన్నట్టూ లేనట్టూ ఉంది.

"ఆ పెద్దాయన మళ్ల కలిసిండా?"

"లేదు."

అది లైను మార్చింది. బైట్లు ఒక్కొక్కటిగా తీసేలా రాసి బోర్డులో వేసింది. రీడింగ్ వచ్చింది. నేను సంబరపడి లేవబోతుంటే, "ఉండు నాన్నా" అని, చార్జర్ తీగ పీకేసి బోర్డును బ్యాటరీ మీద పెట్టింది. పరిస్థితి గూటిలో 0 తీసేసి 1 వేసింది. తర్వాత 255 వేసింది. ఒక్కోసారి వచ్చిన రీడింగ్ నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చుంది. వాళ్లమ్మ టేబుల్ మిగతా సగం తుడుచుకుని లైటు ఆర్పకుండా వెళ్లిపోయింది.